దంతవైద్య విద్యా ప్రవేశ పరీక్ష

దంతవైద్య విద్యా ప్రవేశ పరీక్ష అనగా బ్యాచిలర్ ఆఫ్ డెంటల్ సర్జరీ, సంక్షిప్తంగా బి.డి.ఎస్., కోర్సులో చేరడానికి ఇంటర్మీడియట్ స్థాయి విద్యార్థులు వ్రాయవలసిన పరీక్ష. భారతదేశంలో దంతవైద్యానికి విడిగా ప్రవేశ పరీక్ష లేదు. ఎం.బి.బి.ఎస్. కొరకు వ్రాసే పరీక్షయే దీనికి కూడా వర్తిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో చాలా కాలం ఎంసెట్ ద్వారా ఈ ప్రవేశాలు జరిగాయి. 2017 నుండి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు రెండింటిలోను జాతీయ స్థాయి పరీక్ష అయిన నీట్ ద్వారా జరుగుతున్నాయి. ఈ కారణంగా హైదరాబాదు తూర్పు భాగంలోని హబ్సిగూడ, ఉప్పల్, నాచారం వంటి ప్రాంతాలలో వైద్యవిద్య కోరే విద్యార్థులు, దంతవైద్యం కోరే విద్యార్థులు ఒకే తరగతి గదిలో ఒకే పుస్తకాలు చదువుతారు. వీరి దారులు వేరయ్యేది ఫలితాలు వచ్చిన తరువాత జరిగే కౌన్సెలింగులో మాత్రమే.

నేపథ్యం

భారతదేశంలో మొదటి దంతవైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించాడు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం 1949లో భారత దంతవైద్య మండలి ఏర్పడింది. కోర్సు కాలపరిమితి, పాఠ్య ప్రణాళిక, కళాశాలల గుర్తింపు వంటి విషయాలు ఈ మండలి చేతిలో ఉండేవి. దీని స్థానంలో జాతీయ దంతవైద్య కమిషన్‌ను ఏర్పాటు చేయడానికి పార్లమెంటు 2023లో కొత్త చట్టం చేసింది.

హైదరాబాదులోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో ఏర్పడింది. ఇది అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా జనరల్ ఆసుపత్రికి సమీపంలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, కడప పట్టణాలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. ప్రైవేటు రంగంలో దిల్‌సుఖ్‌నగర్‌లోని పనినీయ, వికారాబాద్‌లోని శ్రీసాయి, నార్కట్‌పల్లిలోని కామినేని, ఖమ్మంలోని మమత, భీమవరంలోని విష్ణు మొదలైన కళాశాలలు ఉన్నాయి. సికింద్రాబాదులోని ఆర్మీ దంతవైద్య కళాశాల ప్రధానంగా సైనికోద్యోగుల పిల్లల కొరకు ఏర్పడినది.

ఎంసెట్ కాలం

1983లో రాష్ట్ర ప్రభుత్వం విద్యాసంస్థలలో ప్రవేశాలను క్రమబద్ధం చేస్తూ, కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఒక చట్టం చేసింది. ఇంజనీరింగు, వ్యవసాయ, వైద్య కోర్సులకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష అయిన ఎంసెట్‌కు ఈ చట్టమే ఆధారం. బైపిసి విద్యార్థులు ఈ ఒక్క పరీక్షతోనే ఎం.బి.బి.ఎస్., బి.డి.ఎస్., పశువైద్యం, వ్యవసాయం వంటి కోర్సులకు పోటీపడేవారు. వైద్య, దంతవైద్య సీట్ల కౌన్సెలింగును విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం నిర్వహించేది.

చివరి సంవత్సరాలలో ఈ పరీక్ష 160 ప్రశ్నలతో ఉండేది. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఒక్కొక్కదాని నుండి 40 ప్రశ్నలు వచ్చేవి. సమయం 3 గంటలు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించే పద్ధతి లేదు. ర్యాంకును లెక్కించేటప్పుడు ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చేవారు. ప్రశ్నలు తెలుగు అకాడమి ప్రచురించిన పాఠ్యపుస్తకాలను అనుసరించి ఉండేవి. అందుచేత బోర్డు పరీక్షకు బాగా చదివిన విద్యార్థికి ఎంసెట్ చదువు వేరుగా అనిపించేది కాదు. తెలుగు మాధ్యమంలో చదివిన వారికి కూడా తమ పుస్తకంలోని పదాలే ప్రశ్నాపత్రంలో కనిపించేవి.

ప్రస్తుతం వైద్య, దంతవైద్య కోర్సులకు ఈ పరీక్షతో సంబంధం లేదు. ఇంజనీరింగు, వ్యవసాయం, ఫార్మసీ కోర్సులకు మాత్రం ఇది కొనసాగుతున్నది. దీని పేరు ఆంధ్రప్రదేశ్‌లో 2021లోను, తెలంగాణలో 2024లోను ఈఏపీసెట్‌గా మారింది.

2016 సంవత్సరపు పరీక్షలు

నీట్‌ను మొదటిసారిగా 2013 మే 5న నిర్వహించారు. అదే సంవత్సరం జూలైలో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పును వెనక్కు తీసుకుని, ఆ సంవత్సరం నుండే నీట్ జరపాలని ఆదేశించింది. రాష్ట్రాల అభ్యంతరాల మీద కేంద్ర ప్రభుత్వం 2016 మే నెలలో ఆర్డినెన్సు జారీ చేసి, ప్రభుత్వ కోటా సీట్లకు ఆ ఒక్క సంవత్సరం రాష్ట్ర పరీక్షను అనుమతించింది.

దీనితో తెలంగాణలో వైద్య, దంతవైద్య ప్రవేశాల కొరకు ఎంసెట్-2 పేరుతో 2016 జూలై 9న పరీక్ష జరిగింది. యాజమాన్య కోటా సీట్లకు నీట్ అవసరం కావడం వలన చాలామంది జూలై 24న నీట్ రెండవ విడత కూడా వ్రాశారు. ఇంతలో ఎంసెట్-2 ప్రశ్నాపత్రం ముందుగానే బయటకు పొక్కినట్లు సి.ఐ.డి. విచారణలో తేలింది. ప్రభుత్వం ఆ పరీక్షను రద్దు చేసి, సెప్టెంబరు 11న ఎంసెట్-3 నిర్వహించింది. ఎంసెట్-2లో న్యాయంగా మంచి ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థులు కూడా రెండు నెలల తరువాత అదే పాఠాలను తిరిగి చదివి మళ్ళీ పరీక్ష వ్రాయవలసి వచ్చింది. తెలంగాణలో వైద్య, దంతవైద్య ప్రవేశాలకు జరిగిన చివరి ఎంసెట్ ఇదే.

నీట్ అర్హతలు

బి.డి.ఎస్. ప్రవేశానికి కావలసిన ముఖ్య అర్హతలు ఇవి:

• ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 సంవత్సరాలు నిండి ఉండాలి. గరిష్ఠ వయోపరిమితిని 2022లో తొలగించారు.
• ఇంటర్మీడియట్ లేదా తత్సమాన పరీక్షలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, ఆంగ్లం చదివి ఉత్తీర్ణులై ఉండాలి.
• మూడు విజ్ఞానశాస్త్ర విషయాలలో కలిపి జనరల్ అభ్యర్థులకు 50 శాతం, ఎస్.సి., ఎస్.టి., వెనుకబడిన తరగతుల అభ్యర్థులకు 40 శాతం మార్కులు ఉండాలి.
• నీట్‌లో జనరల్ అభ్యర్థులు 50వ పర్సెంటైల్, రిజర్వుడు వర్గాలవారు 40వ పర్సెంటైల్ సాధించాలి.

ఎంసెట్‌లో వలె ఇంటర్మీడియట్ మార్కులకు వెయిటేజీ లేదు. బోర్డు పరీక్ష కేవలం అర్హత కొరకు మాత్రమే ఉపయోగపడుతుంది.

శాతానికి, పర్సెంటైల్‌కు తేడా ఉంది. 50వ పర్సెంటైల్ అంటే సగం మార్కులు అని కాదు. పరీక్ష వ్రాసిన వారిలో సగం మందికి సమానంగా లేదా అంతకంటె ఎక్కువగా మార్కులు రావడం అని అర్థం. అందువలన కటాఫ్ మార్కు ప్రతి సంవత్సరం మారుతుంది. జనరల్ అభ్యర్థులకు ఇది 2024లో 720కి 162 కాగా, ప్రశ్నాపత్రం కఠినంగా వచ్చిన 2025లో 144కు తగ్గింది. 2025లో దేశం మొత్తం మీద మొదటి ర్యాంకు మార్కులే 686. అంటే పాత సంవత్సరపు మార్కులతో తన స్థానాన్ని అంచనా వేసుకున్న విద్యార్థి పొరబడే అవకాశం ఉంది. పోల్చి చూడవలసినది ర్యాంకును.

పరీక్షా విధానం

2025లో నీట్‌ను 180 ప్రశ్నలతో, 720 మార్కులకు, 3 గంటల సమయంలో నిర్వహించారు. భౌతికశాస్త్రం నుండి 45, రసాయనశాస్త్రం నుండి 45, జీవశాస్త్రం నుండి 90 ప్రశ్నలు ఉన్నాయి. 2021 నుండి 2024 వరకు 200 ప్రశ్నలు ఇచ్చి, వాటిలో 180కి జవాబులు వ్రాయమనేవారు. 2025లో ఆ ఐచ్ఛిక ప్రశ్నలను తీసివేశారు. 2019 నుండి ఈ పరీక్షను జాతీయ పరీక్షా సంస్థ నిర్వహిస్తున్నది. అంతకు ముందు సి.బి.ఎస్.ఇ. నిర్వహించేది.

సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి. తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది. ఎంసెట్‌లో ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలవలసిన అవసరం ఉండేది కాదు. నీట్‌లో ఈ విషయం కొంత లెక్కతో కూడుకున్నది. నాలుగు ఐచ్ఛికాలలో ఏదీ తెలియకుండా ఒకటి గుర్తిస్తే, సగటున ప్రశ్నకు పావు మార్కు మాత్రమే దక్కుతుంది. ఒక ఐచ్ఛికం తప్పని కచ్చితంగా తెలిస్తే ఆ సగటు మూడింట రెండు వంతుల మార్కుకు, రెండు ఐచ్ఛికాలు తప్పని తెలిస్తే ఒకటిన్నర మార్కుకు పెరుగుతుంది. కాబట్టి సగం తెలిసిన ప్రశ్నను భయంతో వదిలివేయడం నష్టమే. అయితే ఇది సగటు లెక్క. వరుసగా పది ప్రశ్నలను ఊహతో గుర్తించి పది మార్కులు పోగొట్టుకోవడం కూడా జరగవచ్చు.

సమయం విషయానికి వస్తే ఒక ప్రశ్నకు ఒక నిమిషం మాత్రమే లభిస్తుంది. క్యాలిక్యులేటరు అనుమతించరు. జీవశాస్త్రపు ప్రశ్నలు చదివి గుర్తించేవి కనుక వాటిని తక్కువ సమయంలో ముగించి, మిగిలిన సమయాన్ని భౌతికశాస్త్రపు లెక్కలకు కేటాయించుకోవడం విద్యార్థులలో ప్రచారంలో ఉన్న పద్ధతి. జవాబులను ఓ.ఎం.ఆర్. పత్రంలో పెన్నుతో దిద్దాలి. దిద్దడానికి పట్టే సమయాన్ని లెక్కించుకోని విద్యార్థులు చివరి పావుగంటలో ఇబ్బంది పడతారు. ఇంటి వద్ద వ్రాసే నమూనా పరీక్షలను కూడా ఓ.ఎం.ఆర్. పత్రం మీదనే అభ్యాసం చేయడం అందువలన అవసరం.

పాఠ్యాంశాలు, సన్నద్ధత

నీట్ ప్రశ్నలు, ముఖ్యంగా జీవశాస్త్రంలో, ఎన్.సి.ఇ.ఆర్.టి. 11, 12 తరగతుల పుస్తకాలకు దగ్గరగా ఉంటాయి. పుస్తకంలోని వాక్యాలు, పటాల కింది వివరణలు, పట్టికలు కూడా ప్రశ్నలుగా మారుతాయి. రాష్ట్ర ఇంటర్మీడియట్ బోర్డు విద్యార్థులు తెలుగు అకాడమి పుస్తకాలతో పాటు వీటిని కూడా చదవవలసి ఉంటుంది. రెండింటిలో ఒకే విషయం ఉన్నప్పటికీ వివరించే తీరులోను, ఉదాహరణలలోను తేడాలు కనిపిస్తాయి.

2024 పరీక్ష కొరకు పాఠ్యాంశాలను తగ్గించారు. జీవశాస్త్రంలో తొలగించిన వాటిలో జీర్ణక్రియ, శోషణ అధ్యాయం ఒకటి. మానవుని దంత సూత్రం, పాలపళ్ళు, శాశ్వత దంతాలు మొదలైన వివరాలు ఉండేది ఈ అధ్యాయంలోనే. ఆ విధంగా దంతవైద్య కోర్సు ప్రవేశ పరీక్షలో దంతాల పాఠమే లేకుండా పోయింది. విద్యార్థికి దంతాల మీద ఉన్న ఆసక్తిని కొలిచే ప్రశ్న ఏదీ ఈ పరీక్షలో లేదు. చేతి నేర్పును పరీక్షించే భాగం అసలే లేదు.

తెలుగులో నీట్ వ్రాసే అవకాశం ఉంది. తెలుగును ఎంచుకున్న వారికి ఆంగ్లం, తెలుగు రెండూ ఉన్న ప్రశ్నాపత్రం ఇస్తారు. అనువాదంలో సందేహం వస్తే ఆంగ్ల పాఠమే ప్రామాణికం. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు తెలుగులో వెలువడవు కనుక ఈ విద్యార్థులు తెలుగు అకాడమి పుస్తకాల మీద ఆధారపడతారు. ద్రవ్యవేగం అంటే మొమెంటం, కటకం అంటే లెన్స్, కిరణజన్య సంయోగక్రియ అంటే ఫోటోసింథసిస్ అని జంట పదాల పట్టిక తయారుచేసుకుని చదవడం వీరికి ఉపకరిస్తుంది. బి.డి.ఎస్. బోధన ఆంగ్లంలోనే జరుగుతుంది కాబట్టి ఆ పట్టిక కళాశాలలో చేరిన తరువాత కూడా పనికివస్తుంది.

హబ్సిగూడ పరిసరాలు

హబ్సిగూడ తార్నాకకు, ఉప్పల్‌కు మధ్య ఉన్న ప్రాంతం. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి.గా ప్రసిద్ధమైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఇక్కడి ఉప్పల్ రోడ్డు మీద ఉన్నాయి. తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఆ పక్కనే 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. ద్వితీయ సంవత్సరం జీవశాస్త్రంలో చదివే డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగుకు భారతదేశంలో బాట వేసిన లాల్జీ సింగ్ పనిచేసినది సి.సి.ఎం.బి.లోనే.

ఉద్యోగుల కాలనీలు, విశ్వవిద్యాలయం, రవాణా సౌకర్యం ఉండడంతో ఈ ప్రాంతంలో జూనియర్ కళాశాలలు, శిక్షణా కేంద్రాలు, వసతి గృహాలు పెరిగాయి. ఇంటర్మీడియట్ తరగతులతో పాటే నీట్ శిక్షణ ఇవ్వడం, ఇంటర్మీడియట్ పూర్తయిన వారికి ఒక సంవత్సరం పాటు లాంగ్ టర్మ్ శిక్షణ ఇవ్వడం ఇటువంటి సంస్థల సాధారణ పద్ధతి.

2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో నీలి మార్గంలో హబ్సిగూడ ఒక స్టేషను. ఇక్కడ నుండి పరేడ్ గ్రౌండ్స్‌కు వెళ్ళి, అక్కడ ఆకుపచ్చ మార్గంలోకి మారి, మహాత్మా గాంధీ బస్ స్టేషనులో దిగితే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల దగ్గరవుతుంది. సీటు వచ్చిన విద్యార్థి ఇంటి నుండే కళాశాలకు వెళ్ళి రావచ్చు. దూరపు కళాశాలలో వసతి గృహపు ఖర్చును దీనితో పోల్చుకుని ఆప్షన్లు ఇవ్వడం చాలా కుటుంబాలకు అవసరమవుతుంది.

కౌన్సెలింగు

తెలంగాణలో రాష్ట్ర కోటా సీట్ల భర్తీని వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. ప్రభుత్వ కళాశాలలలోని 15 శాతం అఖిల భారత కోటా సీట్లను, డీమ్డ్ విశ్వవిద్యాలయాల సీట్లను కేంద్రంలోని వైద్య కౌన్సెలింగ్ కమిటీ భర్తీ చేస్తుంది. ప్రైవేటు కళాశాలలలో కన్వీనర్ కోటా, యాజమాన్య కోటా అని రెండు రకాల సీట్లు ఉంటాయి. రెండింటికీ నీట్ అర్హత తప్పనిసరి. ఫీజులలో మాత్రం చాలా వ్యత్యాసం ఉంటుంది.

రాష్ట్ర కౌన్సెలింగులో ముఖ్య దశలు: నోటిఫికేషను, పేరు నమోదు, ధ్రువపత్రాల పరిశీలన, మెరిట్ జాబితా, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు. ఆప్షన్లను విద్యార్థి ఏ వరుసలో ఇస్తే ఆ వరుసలోనే పరిశీలిస్తారు. తనకు ఇష్టంలేని కళాశాలను పైన పెట్టిన విద్యార్థికి ర్యాంకు అనుమతిస్తే అదే వస్తుంది.

స్థానికత ఈ దశలో ముఖ్యమైన అంశం. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులను మూడు స్థానిక ప్రాంతాలుగా గుర్తించి, 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించారు. రాష్ట్ర విభజన తరువాత పదేళ్ళు, అంటే 2024 జూన్ 2 వరకు, పాత పద్ధతి కొనసాగింది. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం నిబంధనలను సవరించి, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు సంవత్సరాలు రాష్ట్రంలో చదవాలని నిర్ణయించింది. ఈ నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న సమర్థించింది. ప్రభుత్వోద్యోగుల పిల్లలవంటి కొన్ని వర్గాలకు మినహాయింపులు ఉన్నాయి.

దీని ప్రభావం పరీక్షకు ఎంతో ముందే మొదలవుతుంది. హబ్సిగూడలో పదవ తరగతి వరకు చదివి, ఇంటర్మీడియట్ కొరకు విజయవాడ లేదా గుంటూరు వెళ్ళే విద్యార్థి, మినహాయింపు వర్తించకపోతే, స్వరాష్ట్రంలోనే స్థానికేతరుడు కావచ్చు. కాబట్టి జూనియర్ కళాశాలను ఎంచుకునేటప్పుడే అప్పటి నిబంధనలను చూసుకోవాలి.

ఖాళీ సీట్లు, లాంగ్ టర్మ్

2025లో 22 లక్షలకు పైగా విద్యార్థులు నీట్ వ్రాయగా, సుమారు 12.36 లక్షల మంది అర్హత పొందారు. ఇంత పోటీ ఉన్నప్పటికీ బి.డి.ఎస్. సీట్లు ఏటా కొన్ని మిగిలిపోతుంటాయి. 2020-21 విద్యాసంవత్సరంలో దేశంలో సుమారు 7,000 మొదటి సంవత్సరపు సీట్లు ఖాళీగా ఉండడంతో, అర్హతను 10 పర్సెంటైల్ తగ్గించి వాటిని నింపాలని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మిగిలిన సీట్లలో అధిక భాగం ప్రైవేటు కళాశాలలవే.

దీనికి ముఖ్య కారణం చాలామంది విద్యార్థులు ఎం.బి.బి.ఎస్.ను మొదటి కోరికగా పెట్టుకోవడం. ఎం.బి.బి.ఎస్.కు చాలని ర్యాంకు వచ్చినవారి ముందు రెండు దారులు ఉంటాయి: బి.డి.ఎస్.లో చేరడం, లేదా లాంగ్ టర్మ్ శిక్షణలో మరొక సంవత్సరం గడపడం. మరుసటి సంవత్సరం ర్యాంకు మెరుగుపడుతుందన్న హామీ లేదు. ప్రశ్నాపత్రపు కాఠిన్యం, అభ్యర్థుల సంఖ్య, నిబంధనలు అన్నీ మారవచ్చు. అలాగే అయిష్టంతో దంతవైద్యంలో చేరడం కూడా ఐదేళ్ళ నిర్ణయమే. ఫలితాలు వెలువడిన తరువాత ఆప్షన్లకు లభించే కొద్ది రోజులలో ఈ నిర్ణయం తీసుకోవడం కష్టం. పరీక్షకు ముందే ఒక దంతవైద్యశాలకు వెళ్ళి పని చూడడం, చదువుతున్న విద్యార్థులతో మాట్లాడడం, ఫీజుల వివరాలు తెలుసుకోవడం కూడా సన్నద్ధతలో భాగంగానే భావించాలి.

బి.డి.ఎస్. కోర్సు

బి.డి.ఎస్. నాలుగు సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదు సంవత్సరాల కోర్సు. మొదటి సంవత్సరంలో శరీర నిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, జీవరసాయనశాస్త్రం, దంత నిర్మాణశాస్త్రం ఉంటాయి. మైనపు దిమ్మెను చెక్కి దంతాల ఆకారాలను తయారుచేయడం విద్యార్థులు మొదట నేర్చుకునే పనులలో ఒకటి. రెండవ సంవత్సరంలో వ్యాధి విజ్ఞానం, సూక్ష్మజీవశాస్త్రం, ఔషధశాస్త్రం, దంతవైద్యంలో వాడే పదార్థాల శాస్త్రం; మూడవ సంవత్సరంలో జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ, నోటి వ్యాధుల విజ్ఞానం చదువుతారు. చిగుళ్ళ వ్యాధులు, పళ్ళ వరుస సరిచేయడం, కట్టుడు పళ్ళు, పిల్లల దంతవైద్యం, నోటి శస్త్రచికిత్స వంటి విభాగాలు చివరి సంవత్సరంలో వస్తాయి. ఆ తరువాత ఎం.డి.ఎస్. కొరకు నీట్-ఎం.డి.ఎస్. అనే ప్రత్యేక పరీక్ష ఉంది.

ఇతర దేశాలలో

అమెరికాలో సాధారణంగా డిగ్రీ చదువు తరువాత దంతవైద్య కళాశాలలో చేరతారు. అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలు డాట్ అనే ప్రవేశ పరీక్షను వ్రాస్తారు. ఇది కేవలం దంతవైద్యం కొరకు ఏర్పరచినది. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, పఠనావగాహన, గణితంతో పాటు ఆకారాలను, కోణాలను మనస్సులో ఊహించగల శక్తిని కొలిచే 90 ప్రశ్నల భాగం ఇందులో ఉంది. భౌతికశాస్త్రం లేదు. భారతదేశంలో బి.డి.ఎస్. చేసినవారు అమెరికాలో వైద్యం చేయాలంటే ఐ.ఎన్.బి.డి.ఇ. అనే జాతీయ పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. అంతేగాక సాధారణంగా అక్కడి కళాశాలలో రెండు లేదా మూడు సంవత్సరాలు చదవవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

• దంతవైద్యం
• నీట్
• ఎంసెట్
• హబ్సిగూడ
• ఉస్మానియా విశ్వవిద్యాలయం